తెలిసిన కథే... అయినా వినాలనిపిస్తుంది

దయ్యం సినిమా చూసేటప్పుడు మా చిన్నమ్మ పక్కన మాత్రం కూర్చోకూడదు. తర్వాత ఏం జరుగుతుందో ముందే చెప్పేస్తుంది. తెలుగు, తమిళం, ఇంగ్లీషు అని తేడా లేదు. "ఇప్పుడు కరెంటు పోతాది చూడు" అంటుంది. పోతుంది. "వెనక ఎవరూ ఉండరు, పిల్లి దూకుతాది" అంటుంది. పిల్లే దూకుతుంది. రాప్తాడు నుంచి అనంతపురం, మహా అయితే బెంగళూరు తప్ప ఇంకో ఊరు ఎరగని మనిషి. అయినా హాలీవుడ్ వాళ్ళ గుట్టంతా ఆమె కొంగుముడిలోనే ఉంది.

మొన్న శనివారం మా చెల్లెలు బెంగళూరు నుంచి వచ్చింది. చిన్నమ్మ కూతురు. అన్నాలు తిన్నాక "అన్నా, దయ్యం సినిమా పెడదామా?" అంది. పెట్టింది. అది ‘కనెక్ట్’. నయనతార సినిమా. తమిళంలో తీసి తెలుగులోకి డబ్ చేశారు. 2022 డిసెంబర్ 22న విడుదలైంది. తెలుగులో యూవీ క్రియేషన్స్ వాళ్ళు విడుదల చేశారు. నేను అప్పట్లోనే చూశాను కానీ ఈ కాలమ్‌లో దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. ‘తెలిసిన కథే కదా, రాయడానికేముంది’ అనుకున్నా. ఆ మాట ఈ వారం వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెప్తాను.

ముందు కథ. సుసాన్, జోసెఫ్ భార్యాభర్తలు. ఆయన డాక్టరు. వాళ్ళకు ఒక్కతే కూతురు, అమ్ము. సంగీతం అంటే ప్రాణం. 2020 లాక్‌డౌన్ వస్తుంది. జోసెఫ్ ఆస్పత్రిలో కోవిడ్ రోగులను చూస్తూ చూస్తూ తనూ ఆ జబ్బుతోనే చనిపోతాడు. తల్లీకూతుళ్ళు ఇంట్లో క్వారంటైన్‌లో ఉంటారు. ఒకే ఇల్లు, కానీ ఎవరి గది వాళ్ళది. నాన్నతో ఒక్కసారి, ఒకే ఒక్కసారి మాట్లాడాలని అమ్ము ఆన్‌లైన్‌లో ఒకరిని పట్టుకుని వీజా బోర్డు ముందు కూర్చుంటుంది. వీజా బోర్డు అంటే తెలుసు కదా, అక్షరాలు రాసిన పలక. దాని మీద చిన్న చెక్కముక్క పెట్టి వేళ్ళు ఆనిస్తే, చనిపోయినవాళ్ళు దాన్ని జరిపి మాటలు చెప్తారని నమ్మకం. నాన్న వస్తాడనుకుంటుంది. వచ్చేది నాన్న కాదు.

ఆ తర్వాత ఏం జరుగుతుందో మీకూ తెలుసు. పిల్ల మారిపోతుంది. తల్లి బెదిరిపోతుంది. సుసాన్ వాళ్ళ నాన్న ఆర్థర్‌గా సత్యరాజ్ ఇంకో ఊళ్ళో చిక్కుకుపోయి, ఫోన్ తెరలోంచే కూతురికి ధైర్యం చెప్తుంటాడు. చివరికి ఒక ఫాదర్ వస్తాడు. అనుపమ్ ఖేర్ వేశాడు. వస్తాడంటే గేటు తీసుకుని రావడం కాదు. లాక్‌డౌన్ కదా! వీడియో కాల్‌లో వస్తాడు. భూత వైద్యం కూడా ఆన్‌లైన్‌లోనే.

మొదట్లో అమ్మానాన్నా కూతురూ ముగ్గురూ నవ్వుతూ కనిపించగానే మా చిన్నమ్మ తేల్చేసింది. "ఇంత సంతోషంగా ఉండారంటే ఆయప్ప పోతాడు." పోయాడు. "ఆ పిల్ల ఏదో తిక్క పని చేస్తాది." చేసింది. "ఇంక సామి ఎవరన్నా రావల్ల." వచ్చాడు. 

ఇందులో చిన్నమ్మ గొప్పతనం ఎంతో, సినిమా పాతదనం కూడా అంతే. ఆడపిల్ల, వీజా బోర్డు, దిక్కుతోచని తల్లి, చివర్లో ఫాదర్. ఈ నాలుగూ 1973 నాటి ‘ది ఎక్సార్సిస్ట్’లోనే ఉన్నాయి. విలియం పీటర్ బ్లాటీ నవల, విలియం ఫ్రీడ్‌కిన్ సినిమా. ప్రపంచంలో దయ్యం పట్టిన సినిమాలన్నీ ఆ ఇంట్లోంచి బయటికొచ్చినవే. మన దగ్గర 1992లో రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ తీసి రేవతికి దయ్యం పట్టించాడు. ‘కనెక్ట్’ రావడానికి నెల ముందే ‘మసూద’ వచ్చింది. అక్కడా ఒంటరి తల్లి, దయ్యం పట్టిన కూతురే. కాబట్టి కథలో కొత్తదనం వెతికితే దొరకదు.

అయినా సినిమా కూర్చోబెడుతుంది. దానికి కారణం దర్శకుడు అశ్విన్ శరవణన్. ఆయనే 2015లో నయనతారతో ‘మాయా’ తీశాడు, తెలుగులో ‘మయూరి’గా వచ్చింది. 2019లో తాప్సీతో ‘గేమ్ ఓవర్’ తీశాడు. ఈ మూడింటిలోనూ ఆడవాళ్ళే ముందుంటారు. ఆయన సినిమాల్లో దయ్యం కంటే ముందు దుఃఖం ఇంట్లోకి వస్తుంది. ‘గేమ్ ఓవర్’లో ఒక తల్లి చనిపోయిన కూతురి చితాభస్మాన్ని పచ్చబొట్టు రంగులో కలిపించుకోవాలనుకుంటుంది. పొరపాటున ఆ రంగు ఇంకో అమ్మాయి చేతి మీదికి ఎక్కుతుంది. ఎవరి దుఃఖమో ఇంకెవరి ఒంటి మీదనో. ఆ ఒక్క ఆలోచన కోసం ఆ సినిమా చూడొచ్చు.

‘కనెక్ట్’ 99 నిమిషాల సినిమా. ఇంటర్వెల్ లేకుండా తీశారు. కామెడీ ట్రాకు, తాంత్రికుడి కొంప, ఫ్లాష్‌బ్యాకులో జమీందారు, ఇవేవీ లేవు. నాలుగు ముఖాలు, ఒక ఇల్లు, కొన్ని ఫోన్ తెరలు. వీడియో కాల్‌లో ఇవతలి మనిషికి అవతలి గదిలో ఒక మూల మాత్రమే కనిపిస్తుంది. కనపడని మూడు మూలల్లో ఏముందో అన్నదే మన భయం. లాక్‌డౌన్‌లోనే ఇంగ్లండులో ‘హోస్ట్’ అని గంట నిడివి సినిమా ఒకటి తీశారు, స్నేహితులంతా జూమ్ కాల్‌లో ఆత్మను పిలిచే కథ. ఉపాయం అదే. అయితే ‘హోస్ట్’లో పిల్లలు సరదాకు పిలుస్తారు. ఇక్కడ అమ్ము ఏడుపు ఆపుకోలేక పిలుస్తుంది. ఆ తేడా చిన్నది కాదు.

శబ్దం గురించి కూడా చెప్పాలి. పృథ్వీ చంద్రశేఖర్ సంగీతం ఎక్కడ ఆగాలో తెలిసినవాడు చేసినట్టుంది. ఫోన్ స్పీకర్లో కాకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. నయనతార నటనలో నాకు నచ్చింది అరుపులు కాదు, అలసట. పగలంతా ఏడ్చి, రాత్రి పిల్ల గది ముందు నిలబడ్డ మనిషి ఎట్లుంటుందో అట్లుంది. అమ్ముగా వేసిన హనియా నఫీసా కూడా అంతే. దయ్యం పట్టినప్పటికంటే పట్టకముందు ఎక్కువ భయపెట్టింది నన్ను.

లోపాలు లేవా? ఉన్నాయి. దయ్యం ఎందుకొచ్చిందో, దానికేం కావాలో సరిగా చెప్పరు. చివరి అరగంట పాత సినిమాల దారిలోనే పరుగెత్తుతుంది. అన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటుంది. అది చెప్పాలంటే శనివారం రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి. అంతకంటే ముందు 2021 మే నెల గురించి చెప్పాలి.

ఆ నెల మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మే 5 నుంచి రాష్ట్రమంతా మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. మా రాప్తాడులో హైవే మీద మామూలుగా లారీల మోత ఆగదు. ఆ నెలలో మాత్రం అంబులెన్సుల మోతే వినపడేది. మిట్టమధ్యాహ్నం ఊరు చూస్తే అర్ధరాత్రిలా ఉండేది. తొలకరి వస్తుందేమోనని చేన్లు దున్ని పెట్టుకునే కాలం. శనక్కాయ విత్తనాల గురించి మాట్లాడుకోవాల్సిన నోళ్ళు ఆక్సిజన్ గురించి మాట్లాడేవి.

మా చిన్నాయన అప్పుడే పోయాడు. అనంతపురంలో ఒక ఆస్పత్రిలో తొమ్మిది రోజులున్నాడు. పదో రోజు పొద్దున్నే నాకు ఫోనొచ్చింది. చిన్నమ్మకూ చెల్లెలికీ అప్పటికే పాజిటివ్. ఇంట్లో చెరొక గదిలో ఉన్నారు. అవును, సినిమాలో లాగే. ఆ వార్త నేను వాకిట్లో నిలబడి, రెండు కిటికీల మధ్య, ఇద్దరికీ వినపడేలా చెప్పాల్సి వచ్చింది. ఇద్దరూ ఏడ్చారు. ఒకరి దగ్గరికి ఒకరు పోలేదు. పోకూడదు కదా.

మూట కట్టి ఇచ్చారు. ముఖం చూపించలేదు. మా చేనిలో పెడదామంటే కుదరదన్నారు. పీపీఈ కిట్లు వేసుకున్న నలుగురు, దూరంగా నేను, మా అన్న. అంతే. తప్పెట్లు లేవు, చుట్టాలు లేరు, స్నానం చేయించింది లేదు, నోట్లో తులసి నీళ్ళు పోసింది లేదు. అంత్యక్రియల ఖర్చుకు ప్రభుత్వం ఇస్తామన్న 15,000 రూపాయల కాగితాల మీద సంతకం చేయడానికి చిన్నమ్మకు వారం పట్టింది. చేయి రాలేదు.

సరే, ఇప్పుడు శనివారం రాత్రికి వద్దాం. ఈ సినిమా పెట్టినప్పుడు కథేమిటో చెల్లెలికి తెలియదట. నయనతార, దయ్యం, ఇంతే చూసి పెట్టింది. నాకు తెలుసు. డాక్టరు పోయే సీను దగ్గర ‘ఆపేద్దామా’ అన్నట్టు చెల్లెలి వైపు చూశాను. ఆమె ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకుంది. చిన్నమ్మ మాత్రం తెర మీదనుంచి చూపు తిప్పలేదు.

అమ్ము ఆ పలక ముందు కూర్చుంది. చిన్నమ్మ ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాం. ఏమీ అనలేదు. అంతవరకు వరసగా చెప్పుకుంటూ వచ్చిన మనిషి మాట ఆపేసింది. వాతావరణం తేలిక చేద్దామని నేనే అన్నాను, "ఏం పిల్ల చిన్నమ్మా ఇది! తెలిసి తెలిసి దయ్యాన్ని ఇంట్లోకి పిలుస్తాది."

"ఆ పిల్లను ఏమీ అనొద్దురా" అంది చిన్నమ్మ. "నేనూ అడిగిస్తి."

సినిమా ఆపేశాం.

సోది చెప్పించుకుందట. చిన్నాయన పోయిన ఏడాదికి, ఎవరికీ చెప్పకుండా, పక్క ఊరికి పోయి. ఈ తరం పిల్లలకు సోది అంటే ‘సోది ఆపరా’ అనే మాటే తెలుసు. అసలు సోది అంటే పోయినవాళ్ళ మాట. చాటలో బియ్యం, తమలపాకులు, వక్కలు, దక్షిణ పెడతారు. సోదెమ్మ కళ్ళు మూసుకుంటుంది. కాసేపటికి గొంతు మారుతుంది. ఆ గొంతుతో మన తాతో, అత్తో, మొగుడో మాట్లాడతారు. మన పల్లెల్లో తరతరాలుగా ఉన్నదే. అక్షరాలు లేని వీజా బోర్డు అనుకోండి.

"ఏం చెప్పినాడు చిన్నాయన?" అన్నాను.

"దాహమైతాంది అన్నాడు. నీళ్ళు పెట్టు అన్నాడు. పిల్ల పెండ్లి చూడకపోతి అన్నాడు."

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "చిన్నమ్మా, వాళ్ళు అందరికీ అదే చెప్తారు. దాహమనే చెప్తారు, పెండ్లి అనే చెప్తారు."

చిన్నమ్మ నా వైపు చూసి నవ్వింది. "తెలుసులేరా. నాకు తెలీదా? మా అమ్మ పోయినప్పుడూ అదే చెప్పినారు. తెలిసిందే. అయినా వినాలనిపిస్తాది."

ఈ వారం నేను రాయాలనుకున్నది మొత్తం ఆ మాటలోనే ఉంది.

మనమింతే కాదు, ప్రపంచమంతా ఇంతే. వీజా బోర్డు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 1891లో అమెరికాలో దానికి పేటెంటు ఇచ్చారు. ఇంటిల్లిపాదీ ఆడుకునే ఆటబొమ్మగా అమ్మారు. దాన్ని జనం ఎందుకంత ఎగబడి కొన్నారు? అంతకు ముప్పై ఏళ్ళ ముందు అంతర్యుద్ధంలో అక్కడ లక్షలమంది చనిపోయారు. ఎక్కడో యుద్ధభూమిలో పోయిన కొడుకు, ముఖం కూడా చూడలేదు. అట్లాంటి తల్లులున్న దేశం అది. ఆత్మలతో మాట్లాడిస్తామనేవాళ్ళకు గిరాకీ లేకపోతుందా?

షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ సంగతి ఇంకా విచిత్రం. ప్రతిదానికీ ఆధారం అడిగే డిటెక్టివ్‌ను పుట్టించినవాడు. స్వయంగా డాక్టరు. యుద్ధంలో గాయపడి వచ్చిన ఆయన కొడుకు కింగ్స్‌లీ, 1918 అక్టోబర్‌లో, ప్రపంచమంతా ఫ్లూ మహమ్మారి ఊపేస్తున్నప్పుడు న్యుమోనియాతో పోయాడు. నాలుగు నెలలకే తమ్ముడు కూడా. ఆత్మల మీద ఆయనకు నమ్మకం అంతకుముందే ఉంది. ఆ తర్వాత ఇక బతుకంతా దానికే రాసిచ్చాడు. దేశదేశాలు తిరిగి, పోయినవాళ్ళు ఎక్కడికీ పోలేదని ఉపన్యాసాలిచ్చాడు. జనం నవ్వారు. నవ్వనీ అన్నాడు. ‘కనెక్ట్’లో తాత పేరు కూడా ఆర్థరే. కాకతాళీయమే కావచ్చు, నాకు మాత్రం ఆయనే గుర్తొచ్చాడు.

అంటే ఆత్మలు వస్తాయని నేనంటున్నానా? లేదు. పిలిచేవాళ్ళు తిక్కవాళ్ళు కాదంటున్నాను. సాగనంపడం కుదరనివాళ్ళు పిలుస్తారు. అంతే.

సినిమాలో పెద్ద లోపం ఇక్కడే ఉందన్నాను కదా. ‘కనెక్ట్’లో నాన్నను పిలిచినందుకు పిల్లకు శిక్ష పడుతుంది. ఆమె ఏడుపే దయ్యానికి తలుపు. ఆస్ట్రేలియాలో ఫిలిప్పూ కవల సోదరులు తీసిన ‘టాక్ టు మీ’ కూడా ఇంతే. తల్లిని పోగొట్టుకున్న అమ్మాయి ఒక చేతిబొమ్మను పట్టుకుని ఆత్మలను పిలుస్తుంది, మునిగిపోతుంది. పాశ్చాత్య సినిమాకు ఇదొక అలవాటైపోయింది. పోయినవాళ్ళను పిలిచావా, నీ పని అయిపోయినట్టే. అదే దేశం నుంచి 2014లో జెన్నిఫర్ కెంట్ తీసిన ‘ది బాబడూక్’ దీనికంటే తెలివైనది. మొగుడు పోయిన ఆవిడ, చిన్న కొడుకు, ఇంట్లో ఒక భూతం. చివర్లో భూతం చావదు. ఆవిడ దాన్ని ఇంటి అడుగు గదిలో ఉంచి, రోజూ తిండి పెట్టి వస్తుంది. దుఃఖం ఎక్కడికీ పోదు, దానికి కొంచెం చోటిచ్చి బతకాలి అని చెప్పకుండానే చెప్పింది.

మా ఊళ్ళో వాళ్ళకు ఆ సినిమా చూపిస్తే ‘ఇందులో ఏముంది, మేం చేసేదే కదా’ అంటారు. మూడో రోజు చిన్నదినం. పదకొండో రోజు పెద్దదినం. కాకి ముద్ద ముట్టేదాకా ఆకు దగ్గర నిలబడటం. ముట్టకపోతే ‘నీ పిల్లను మేం చూసుకుంటాంలే, తిను’ అని కాకితో చెప్పడం. మాసికం, ఏడాది, పెద్దల అమావాస్య. పండగకు కొత్త బట్టలు ముందు పటం దగ్గర పెట్టి, ఆయనకు ఇష్టమైనవి వండి పెట్టడం. పోయినవాళ్ళను మనం పిలుస్తూనే ఉంటాం. వస్తారు, తింటారు, పోతారు. ఎవరికీ దయ్యం పట్టదు. వర్షం సరిగా పడని గడ్డ కాబట్టి మా పెద్దలు ముందు నీళ్ళే అడుగుతారు. పెడతాం.

గమనించారా, ఇందులో ఊహించనిదంటూ ఏమీ లేదు. ఏ రోజు ఏం చేయాలో అందరికీ తెలుసు. ఎవరు ఎప్పుడు ఏడుస్తారో, ఎవరు ఓదారుస్తారో, ఏ వంట వండుతారో, అన్నీ తెలుసు. ఆ తెలిసిన వరసే మనిషిని నడిపిస్తుంది. కాళ్ళు కూలబడిన ఇంట్లో ‘రేపు ఇది చేయాలి’ అని ఒక పని ఉంటుంది. 2021 మేలో మా ఇంటి నుంచి, మీలో ఎందరి ఇళ్ళ నుంచో, ఎత్తుకుపోయింది ఆ వరసనే. మనిషిని తీసుకుపోయింది జబ్బు. సాగనంపే దారి కూడా లేకుండా చేసింది ఆ కాలం.

అందుకే ఇప్పుడంటున్నాను. దయ్యం సినిమా కథ తెలిసిందే కావడం తప్పు కాదు. ఒక్కోసారి అదే దాని బలం. చీకటి పడుతుంది, పిలుపు వస్తుంది, రాకూడనిది వస్తుంది, పెద్దాయన వచ్చి మంత్రం చదువుతాడు, తెల్లారుతుంది. ఇది కూడా ఒక కర్మకాండ లాంటిదే. చివరికి తెల్లారుతుందని తెలుసు కాబట్టే అంత చీకట్లోకి ధైర్యంగా పోయి కూర్చుంటాం. చిన్నమ్మ ముందే కథ చెప్పేస్తుంటే ఇన్నాళ్ళూ విసుక్కున్నాను. ఆమె సినిమా చెడగొట్టడం లేదు. ఈసారైనా ముందే తెలుసుకుని నిలబడాలని చూస్తోంది.

శనివారం రాత్రి సంగతి ఇంకొంచెం ఉంది.

చిన్నమ్మ సోది సంగతి చెప్పాక చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకెందుకు చెప్పలేదు?" అంది.

"చెప్తే నువ్వూ వస్తానంటావని. నువ్వు చదువుకునే పిల్లవి. అట్లాటివి నీకెందుకని."

చెల్లెలు తన ఫోన్ తీసి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది. వాట్సాప్‌లో ‘నాన్న’ అని ఉంది. పైనుంచి కిందిదాకా ఈమె పంపినవే. పరీక్ష పాసైనానని. ఉద్యోగం వచ్చిందని. మొదటి జీతం పడిందని. ఈ రోజు వానొచ్చింది నాన్నా, ఊళ్ళో కూడా వచ్చిందంటనా, అని. ప్రతి మెసేజి పక్కనా రెండు టిక్కులు.

"రెండు టిక్కులు పడుతుంటే ఎట్ల పడుతున్నాయో నాకు అర్థమయ్యేది కాదు" అంది. "ఎవరినీ అడగలేదు. అడిగితే ఆగిపోతాయేమోనని."

ఎట్ల పడుతున్నాయో నాకూ అప్పుడే తెలిసింది. చిన్నమ్మ ఆ ఫోన్‌ను బీరువాలో పెట్టి, రోజూ ఛార్జింగ్ పెడుతోంది. నెలనెలా అంగట్లో రీఛార్జి చేయిస్తోంది. "దాంట్లో ఆయప్ప గొంతు ఉండాది కదా, పోతాదేమోనని" అంది. ఆమెకు వాట్సాప్ తెరవడం రాదు. ఆ మెసేజీలన్నీ తన బీరువాలోకే వస్తున్నాయని తెలియదు.

ఒకే మనిషి కోసం ఇద్దరు, ఒకే ఇంట్లో, ఒకరికొకరు చెప్పుకోకుండా ఇన్నేళ్ళు. గదులు తెరిచింది 2021లోనే కానీ, ఆ క్వారంటైన్ ఇంకా అయిపోలేదన్నమాట. నాకు అప్పుడు ‘కనెక్ట్’ మళ్ళీ కొత్తగా అర్థమైంది. ఆ సినిమాలో దయ్యం పలకలోంచి రాలేదు. ఆ రెండు గదుల మధ్య నుంచి వచ్చింది. అమ్ము వీజా బోర్డు కంటే ముందు అమ్మ గది తలుపు కొట్టి ఉంటే కథే లేదు. కొట్టే వీల్లేని కాలం కాబట్టే కథ. దర్శకుడు ఈ మాట గట్టిగా చెప్పి ఉంటే సినిమా ఇంకా పెద్దదయ్యేది. చెప్పలేదు, కానీ తెర మీద ఉంది. చూడగలిగితే కనపడుతుంది.

రాత్రి పదకొండున్నరకు సినిమా మళ్ళీ పెట్టాం. ముగ్గురం ఒకే చాప మీద కూర్చున్నాం. చిన్నమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. "ఆ ఫాదర్ ఇప్పుడు పేరు అడుగుతాడు చూడు." "ఇంక సిగ్నల్ పోతాది చూడు." చెల్లెలు కూడా పందెం కట్టింది. ఒకటి రెండు తప్పాయి, మిగిలినవి సరిపోయాయి. చివర్లో ఏమైందో చెప్పను. మీకు తెలుసు. అయినా చెప్పను.

మరి చూడాలా వద్దా? చూడండి. కొత్త కథ కావాలనుకుంటే వద్దు. గంటన్నర సేపు పద్ధతిగా భయపడాలనుకుంటే బాగుంటుంది. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకుని ఉంటే మాత్రం ఒంటరిగా చూడొద్దు. ఎవరితో చూడాలో మీకు తెలుసు. పక్క గదిలోనే ఉంటారు. తలుపు కొట్టండి.

ఇదంతా రాస్తానంటే చిన్నమ్మ, చెల్లెలు ఇద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు వేయొద్దన్నది చెల్లెలి షరతు. చిన్నమ్మ షరతు వేరే. వచ్చే శనివారానికి ఇంకో దయ్యం సినిమా చూసి పెట్టాలట. "మరీ కొత్తది వద్దురా, తెలిసిందే పెట్టు" అంది.